ఆచంద్రార్కం నుండి లైఫ్‌టైము దాకా

'ఉచితం' అనే మాటకు సంస్కృతంలో ఒక అర్థం, తెలుగు వాడుకలో మరొక అర్థం ఉన్నాయని సాహితీమిత్రులకు నేను చెప్పనక్కరలేదు. సంస్కృతంలో ఉచితమంటే తగినది, యుక్తమైనది. కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దిలో ఔచిత్యం మీద ఒక లక్షణగ్రంథమే వ్రాశాడు. మనం 'ఉచితానుచితాలు' అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. బజారులో 'ఉచితం' అన్న బోర్డు కనబడితే మాత్రం క్షేమేంద్రుడు ఎవరికీ గుర్తుకు రాడు, డబ్బు ఇవ్వనక్కరలేదన్న ఒక్క అర్థమే తోస్తుంది. పాత్రుడికి తగినది ఇవ్వడం దానం, దానానికి వెల ఉండదు, ఆ దారిన అర్థం జారి ఉంటుందని నా ఊహ.

ఆ మాట ఇచ్చి, కొన్నాళ్ళకు దానిని వెనక్కు తీసుకున్న టెలిఫోను కంపెనీల చరిత్ర వ్రాద్దామని ఈ టపా మొదలుపెట్టాను. మన దేశంలో ఇది ముప్పై ఏళ్ళ కథ. కాని తరగతిలో పాఠం చెప్పిన అలవాటు పోక, వెయ్యేళ్ళ వెనకనుండి వస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి.

మన రాజులు అగ్రహారాలిచ్చినప్పుడు రాగిరేకుల మీద చెక్కించి ఇచ్చేవారు. తూర్పు చాళుక్యుడు రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామం దానం చేశాడు. ఆ శాసనం రచించినవాడు నన్నయభట్టు. ఇటువంటి దానశాసనాలకు ఒక కట్టుబాటు ఉండేది. మొదట రాజవంశ ప్రశస్తి, ఆ తరువాత ప్రతిగ్రహీత గోత్రం, విద్య. పిమ్మట పన్నులన్నింటినుండి విముక్తి. ఆపైన గ్రామానికి నాలుగు దిక్కులా ఎల్లలు. ఎన్నాళ్ళకు ఇచ్చారంటే, 'ఆచంద్రార్కం'. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం. అంతటితో ఆగక చివర ఒక శాపం కూడా చేర్చేవారు: తానిచ్చినదైనా ఒకరిచ్చినదైనా ఆ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ శాపం చదివి నవ్వుకునేవాళ్ళం. వయసు వచ్చాక దానిలోని లోకజ్ఞానం అర్థమైంది. ఇచ్చేవాడు బుద్ధిమంతుడైతే, తన తరువాత సింహాసనమెక్కేవాడు దీనిని లాక్కుంటాడని ఇచ్చేటప్పుడే ఎరుగును. ఆ వచ్చేవాడిని శిక్షించడానికి తాను ఉండడు. అందుకని శిక్షను ధర్మదేవతకు అప్పగించి పోయాడు.

చంద్రుడూ సూర్యుడూ యథాస్థానంలో ఉండగానే ప్రభువులు మారారు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాము కమిషన్ను నియమించి, ఇనాముదారులను మీ హక్కుకు ఆధారం చూపండని అడిగింది. చూపినవారికి పట్టా ఇచ్చారు గాని, దానిమీద ఏటా కొంత చెల్లించమన్నారు. అంతకు ముందే చాలా ఇనాములకు 'జోడి' అని ఒక చిన్న పన్ను ఉండనే ఉంది. పేరుకు మాన్యం, కాని జోడి కట్టాలి. ఆ జోడి అనే మాటను జ్ఞాపకం పెట్టుకోండి, దానితో నాకు తరువాత పని ఉంది. చివరకు 1956 నాటి శాసనసభ చట్టంతో ఆంధ్ర ప్రాంతంలో ఇనాములే రద్దయ్యాయి. ఇందులో నేను కన్నీరు పెట్టవలసినది ఏమీ లేదు. ఆ భూములలో దున్నిన రైతుకు ఎన్నడూ ఏదీ ఉచితంగా రాలేదు. అగ్రహారికుడికి మినహాయించిన పన్ను ఎవరి వీపు మీద పడిందో శాసనాలు చెప్పవు.

ఇక టెలిఫోను. 1995 జూలై 31న కలకత్తా నుండి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో మొబైలు ఫోను మొదలైంది. ఆనాడు చేసిన కాలుకే కాక, వచ్చిన కాలుకు కూడా డబ్బు కట్టాలి. పెళ్ళిలో ఒకాయన జేబులో మోగుతున్న ఫోనును చూసుకుని, ఎత్తకుండా పక్కనున్న ఎస్టీడీ బూతుకు పరుగెత్తడం నేను చూశాను. 2003 మే 1న ఆ పద్ధతి మారింది. మాట్లాడించేవాడే చెల్లించాలి, అందుకునేవాడికి ఉచితం అన్నారు. ఆ ఏడాది జూలైలోనే రిలయన్స్ ఇన్ఫోకామ్ 'మాన్‌సూన్ హంగామా' అని 501 రూపాయలకు ఫోను చేతిలో పెట్టింది. మా ఊళ్ళో చేపల తట్ట మోసే మనిషి చేతిలోకి ఫోను వచ్చింది అప్పుడే.

అందుకునే కాలు ఉచితమెలా అయిందో కొంచెం వివరించాలి, ఎందుకంటే తరువాత జరిగినదానికి మూలం అక్కడే ఉంది. ఒక కంపెనీ చందాదారు మరొక కంపెనీ చందాదారుకు ఫోను చేస్తే, మొదటి కంపెనీ రెండవదానికి నిమిషానికింత అని ముట్టజెప్పవలసి ఉండేది. దీనిని ఐయూసీ అనేవారు. అంటే మనం ఫోను ఎత్తి 'ఎవరూ?' అన్నంతమాత్రాన మన కంపెనీకి ఆదాయం వచ్చేది. 2003 చివరికి ఆ సొమ్ము నిమిషానికి 30 పైసలు. 2009లో 20 చేశారు, 2015లో 14, 2017 అక్టోబరులో 6, 2021 జనవరి 1 నుండి సున్న. ఈ అంకెల మెట్లు దిగుతూ పోతే, ఎన్నడూ ఎవరికీ ఫోను చేయక, వచ్చిన ఫోను మాత్రమే ఎత్తే ముసలివాళ్ళ విలువ కంపెనీ ఖాతాలో ఎలా దిగజారిందో కనబడుతుంది.

30 పైసల కాలంలో వారి మీద ప్రేమ ఎక్కువ. 2005 డిసెంబరులో ఎయిర్‌టెల్ 999 రూపాయలకు 'లైఫ్‌టైమ్' పథకం తెచ్చింది. ఒక్కసారి కడితే జీవితకాలం ఇన్‌కమింగ్ ఉచితం. మిగిలిన కంపెనీలన్నీ వెంటబడ్డాయి. పల్లెటూళ్ళలో గోడలన్నీ ఆ మాటతో నిండిపోయాయి. తెలుగులో యావజ్జీవం అనే మాట అంతకు ముందు ఎక్కువగా కారాగారవాసానికే వాడేవారు. దానికి ఒక శుభార్థం కల్పించిన ఖ్యాతి టెలిఫోను కంపెనీలది.

అయితే వ్యాకరణం చదువుకున్నవాడికి ఇక్కడ ఒక సందేహం రావాలి. 'జీవితకాల పథకం' సమాసం. విగ్రహవాక్యం చెప్పమంటే, ఎవరి జీవితకాలం? సమాసంలో షష్ఠీ విభక్తి లోపించింది, ఆ లోపంలోనే కిటుకంతా ఉంది. చందాదారుడిదా? ఆ చేతిఫోనుదా? ఈ ప్రశ్నకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 మార్చిలో ఒక ఉత్తర్వు ద్వారా సమాధానం చెప్పింది. కంపెనీకి సేవలందించే లైసెన్సు ఉన్నంతకాలం, దానిని పొడిగిస్తే ఆ పొడిగింపు ఉన్నంతకాలం, ఆ పథకం కొనసాగాలి. లైసెన్సు ఏ నెలలో, ఏ సంవత్సరంలో ముగుస్తుందో కొనేవాడికి చెప్పి తీరాలి. అంటే లైసెన్సు జీవితకాలమన్నమాట! ఆ లైసెన్సులు ఇరవై ఏళ్ళవి. వాటిలో కొన్ని 1990ల నడుమ ఇచ్చినవి గనుక, లైఫ్‌టైము అమ్మేనాటికే వాటి ఆయుర్దాయంలో సగం గడిచిపోయింది. మన రాజులు సూర్యచంద్రులను సాక్ష్యం పెట్టారు. ప్రకటనల వారు నక్షత్రాన్ని పెట్టారు, అక్షరం పక్కన చిన్న చుక్క, అడుగున చీమలబారులో షరతులు.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టూజీ లైసెన్సులను రద్దు చేసింది. కొత్తగా వచ్చిన కంపెనీలు కొన్ని దుకాణం కట్టేశాయి. అటు తరువాత 2017, 2018 సంవత్సరాలలో పాతవాటికీ ఆపద వచ్చింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టాటా వారి మొబైలు వ్యాపారం ఎయిర్‌టెల్‌కు వెళ్ళింది, 501 రూపాయల ఫోనుతో దేశాన్ని ఊపిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైలు కాల్సే మానుకుంది, వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. మనుషులు బతికే ఉన్నారు, లైఫ్‌టైములు పోయాయి.

ఇంటర్నెట్టు కథ వేరు. మనవారిలో చాలామందికి అది బాగా తెలిసిన కథ. 2004 అక్టోబరులో కేంద్రప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగముంటే అది బ్రాడ్‌బ్యాండేనని నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' వచ్చింది. అందులో 500 రూపాయల పథకానికి ఒక గొప్ప వరం ఉండేది. నెలకు ఇంత అని కొలిచి ఇచ్చిన పగటివాడుక దాటితే మెగాబైటుకింత అని మీటరు తిరిగేది గాని, రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 దాకా ఎంత వాడుకున్నా లెక్క లేదు. బ్రాహ్మీముహూర్తం కంటే ముందే లేచి, కంప్యూటరు ముందు కూర్చున్న ఒక తరం తెలుగువాళ్ళున్నారు. లేఖినిలో టైపు చేసుకున్న టపాను ఆ వేళప్పుడు ప్రచురించి, కూడలిలో తమ పేరు కనబడిందో లేదో చూసుకుని, స్నానానికి లేచినవారు నాకు తెలుసు. వేదాధ్యయనానికి కూడా మా తాతగారు నాలుగింటికే లేచేవారు, రెండింటికి కాదు.

తరువాత ఆ రాత్రి పథకాల స్థానంలోకి 'అన్‌లిమిటెడ్' పథకాలు వచ్చాయి, వాటి వెంట 'ఫెయిర్ యూసేజ్ పాలసీ' అనే వస్తువు వచ్చింది. న్యాయమైన వాడుక. అపరిమితమని అమ్మి, ఇంత దాటితే వేగం తగ్గిస్తామనడం. ఈ న్యాయాన్ని గౌతముడు తన సూత్రాలలో చేర్చలేదు. వేగం తగ్గించడమంటే అడుగంటించడం అయిపోవడంతో, 2016 అక్టోబరు చివర ట్రాయ్ కల్పించుకుని, పరిమితి దాటిన తరువాత కూడా తీగ బ్రాడ్‌బ్యాండు వేగం 512 కిలోబిట్లకు తగ్గరాదని ఆదేశించింది.

ఉచిత ఇంటర్నెట్టు మన రెండు రాష్ట్రాలకు మరొక రూపంలో కూడా వచ్చింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాలలో ఎంపిక చేసిన కొన్ని సైట్లను ఉచితంగా చూపడం మొదలుపెట్టింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. దాని పేరు ఆ తరువాత 'ఫ్రీ బేసిక్స్' అయింది. దేశమంతా పెద్ద వాదం చెలరేగి, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అటువంటి పక్షపాతపు ధరలను నిషేధించింది. మూడు రోజులకు ఫేస్‌బుక్ తన దుకాణం ఎత్తివేసింది. ఇది మిగిలినవాటివంటిది కాదు. ఇక్కడ ఇచ్చినవాడు మాట తప్పలేదు, ఇవ్వడమే అనుచితమని తేలింది. క్షేమేంద్రుడికి ఈ ఒక్క తీర్పు నచ్చి ఉండేది.

ల్యాండ్‌లైనుకు బీఎస్ఎన్ఎల్ 2015 మే 1 నుండి రాత్రి 9 మొదలు ఉదయం 7 వరకు ఏ కంపెనీ నంబరుకైనా ఉచితమని ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆదివారాలు ఇరవైనాలుగు గంటలూ ఉచితమంది. మూలపడిన ల్యాండ్‌లైనుకు అది కొత్త ఊపిరి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్ళు రెండేసి గంటలు మాట్లాడుకునేవారు, వంకాయకూర మొదలు పెళ్ళిసంబంధాల దాకా. 2018 జనవరిలో ఆ రాత్రి పదిన్నరకు మొదలై ఆరుకు ముగిసేటట్టు కుదించారు. ఫిబ్రవరి 1 నుండి ఆదివారాన్ని పూర్తిగా తీసేశారు. పదిన్నర తరువాత మనదేశంలో ఏ అత్తగారు మేలుకుని ఉంటుంది?

వీటన్నిటికీ తలదన్నినది జియో. 2016 సెప్టెంబరు 5న సేవలు మొదలు. మాట ఎప్పటికీ ఉచితం, డేటా డిసెంబరు 31 దాకా ఉచితం. ప్రోత్సాహక ధర 90 రోజులకు మించరాదని ట్రాయ్ నియమం. డిసెంబరు వచ్చేసరికి 'హ్యాపీ న్యూ ఇయర్' అని పేరు మార్చి మార్చి 31 దాకా పొడిగించారు. అంతకు ముందు రోజుకు 4 జీబీ ఉండేది, కొత్త పేరుతో 1 జీబీ అయింది గనుక ఇది వేరే పథకమని వాదించారు, ఆ వాదం నెగ్గింది కూడా. 170 రోజులలో పదికోట్ల మంది చేరారు. మార్చి 31న మళ్ళీ 'సమ్మర్ సర్‌ప్రైజ్': 99 రూపాయల సభ్యత్వం తీసుకుని, 303 రూపాయలు వేయించుకుంటే మూడు నెలలు ఉచితం. ఈసారి ట్రాయ్ ఊరుకోలేదు. ఏప్రిల్ 6న ఉపసంహరించుకోండని చెప్పింది. అప్పటికే డబ్బు కట్టినవారికి నిలిపి, కట్టనివారికి తలుపు మూశారు. కట్టడానికి రేపు వెళదామనుకున్నవాళ్ళు దుకాణాల ముందు గొడవపడ్డారు. వారి కోపం ఎవరిమీదో వారికే స్పష్టం కాదు. ఇస్తానన్నవాడిమీదా, ఇవ్వవద్దన్నవాడిమీదా? అయిదారు రోజులలోనే 309 రూపాయలకు 84 రోజుల 'ధన్ ధనా ధన్' వచ్చింది, గొడవ చల్లారింది.

'మాట ఎప్పటికీ ఉచితం' అన్నది కూడా మూడేళ్ళకు సడలింది. 2019 అక్టోబరు 10 నుండి వేరే కంపెనీల నంబర్లకు చేస్తే నిమిషానికి 6 పైసలన్నారు. నేను ముందు చెప్పిన ఐయూసీ అదే. ఆ ఖర్చును అంతవరకు తాము భరించామని, సున్న అయ్యేదాకా చందాదారు భరించాలని కంపెనీ వాదం. సున్న అయిన రోజున, అంటే 2021 జనవరి 1న, తిరిగి ఉచితం చేశారు. న్యాయంగా చెప్పాలంటే ఇచ్చిన మాటకు తిరిగి వచ్చినవారు ఈ చరిత్రలో వీరే కనబడతారు.

బ్రాడ్‌బ్యాండు విషయంలో వీరి కథే మరింత చక్కని ఉదాహరణ. జియో వారి ఫైబరు తీగ వ్యాపారానికి ముందు 'ప్రివ్యూ' పేరిట కొన్ని నగరాలలో ఇళ్ళకు వచ్చింది. 4,500 రూపాయలు తిరిగి ఇచ్చే ధరావతు. నెలకు 100 జీబీ ఉచితం. అది అయిపోతే 40 జీబీ చొప్పున మళ్ళీ మళ్ళీ నింపుకుని 1,100 జీబీ దాకా పోవచ్చు. ఏడాది, కొందరికి అంతకు మించి, ఇలా నడిచింది. పిల్లల చదువు, ఇంటి టీవీ, ఇంటినుండి పని, అంతా దానిమీద అల్లుకుపోయింది. 2019 సెప్టెంబరు 5న వ్యాపారం అధికారికంగా ఆరంభమై, 699 నుండి 8,499 రూపాయల దాకా ధరలు ప్రకటించారు. ఆ తరువాతి నెలలలో ప్రివ్యూ చందాదారులను డబ్బు పథకాలలోకి మార్చారు. 699 పథకంలో వచ్చేది నెలకు 100 జీబీ, పైన కొన్నాళ్ళపాటు మరో 50. నిన్న ఊరికే వచ్చినదానిలో ఏడవవంతు కూడా కాదు, అదీ నేడు డబ్బు పోసి. అది ప్రివ్యూ మాత్రమేనని ముందే చెప్పారు కదా అంటే, చెప్పారు. కాని అలవాటు చేసిన తరువాత తీసివేయడంలో ఉన్న బాధకు ముందుగా చెప్పిన మాట మందు కాదు. చంటిపిల్లకు పాలు మాన్పించే తల్లి కూడా వేపాకు రాసుకుని నెమ్మదిగా మాన్పిస్తుంది. మరుసటి ఏడు సెప్టెంబరుకు 399 రూపాయలకే అపరిమిత పథకం వచ్చి ఆ బాధ చాలామటుకు తీరింది. అది కరోనా సంవత్సరం. ఇంట్లో తీగ లేనివాడి పిల్లవాడికి బడి కూడా లేదు.

మళ్ళీ లైఫ్‌టైముకు వస్తాను. 2018 నవంబరులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా వంటి సంస్థలు, నంబరు బతికి ఉండాలంటే 28 రోజులకొకసారి కనీసం 35 రూపాయలు వేయించాలని నియమం పెట్టాయి. గగ్గోలు పుట్టింది. సిమ్ములో డబ్బు నిలవ ఉన్నవారికి కూడా కాల్స్ ఆగిపోతాయని సందేశాలు రావడంతో, ట్రాయ్ ఆ నెలాఖరున జోక్యం చేసుకుని, హఠాత్తుగా కనెక్షను తీయవద్దని, చందాదారుకు విషయం స్పష్టంగా తెలపమని చెప్పింది. అంతేగాని ఆ 35 రూపాయలను తప్పుపట్టలేదు. ఇదిగో, జోడి అంటే ఇదే. మాన్యం మీదే, ఏటా జోడి మాత్రం కట్టాలి.

ఆ డిసెంబరులో మా మేనల్లుడు మస్కట్ నుండి నాకు ఫోను చేశాడు. "మావయ్యా, అమ్మ ఫోను నాలుగు రోజులుగా కలవడం లేదు. ఒకసారి వెళ్ళి చూసి రాగలవా?" మా పెద్దక్కయ్య దివిసీమలో ఒక్కతీ ఉంటుంది. బస్సులో కూర్చున్న మూడు గంటలూ నా మనసులో మెదిలినవి ఇక్కడ వ్రాయను. వెళ్ళేసరికి ఆవిడ అరుగుమీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నది. ఫోను పక్కనే ఉంది. ఛార్జింగు నిండుగా ఉంది, సిగ్నలు గీతలు నాలుగూ ఉన్నాయి. "వాడు చెయ్యడం లేదురా నాలుగు రోజుల్నించీ. ఏమన్నా కోపం వచ్చిందేమో అనుకుంటున్నా," అన్నది. ఫోను తెరిచి చూస్తే కంపెనీ పంపిన సందేశాలు తొమ్మిది ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆవిడకు పచ్చ మీట నొక్కి 'హలో' అనడం వచ్చు. భారతం పద్యాలు కంఠతా వచ్చు. ఇంగ్లీషు రాదు.

ఇద్దరం సెంటరులోని దుకాణానికి నడిచాము. కుర్రవాడు నంబరు కొట్టి చూసి, "ఇప్పుడు నెలనెలా ముప్పై అయిదు ఎయ్యాలండీ మాస్టారూ, లేపోతే ఇన్‌కమింగ్ ఆగిపోద్దండి," అన్నాడు. అక్కయ్య సంచిలోనుండి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రసీదు తీసింది. 2006లో 999 రూపాయలు కట్టినప్పటిది, సిరా వెలిసిపోయింది. "లైఫ్‌టైమన్నారు గదా బాబూ. నేనింకా ఉన్నాను గదా," అన్నది. ఆ అబ్బాయి నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు. 35 రూపాయలు నేను తీయబోతే పడనివ్వలేదు. తన కొంగుముడి విప్పి ఇచ్చింది. రసీదు తిరిగి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నది. ఇంటికి వచ్చేలోపే మేనల్లుడి ఫోను వచ్చింది.

కంపెనీలవారి పక్షం కూడా చెప్పకపోతే చరిత్ర కాదు. జియో వచ్చాక ధరలు కూలాయి, స్పెక్ట్రమ్ వేలంలో చేసిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి, ఐయూసీ 14 పైసల నుండి 6కు దిగింది. విదేశాలనుండి వచ్చే కాలు మీద దక్కేది మరికొంత ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో దానిని కూడా 53 పైసల నుండి 30కి తగ్గించారు. అంటే పన్నెండేళ్ళపాటు మస్కట్ నుండి వచ్చిన ప్రతి ఫోనుకూ ఆ కంపెనీకి మా అక్కయ్య మూలంగా ఆదాయం వస్తూనే ఉంది. అది సన్నగిల్లిన ఏడాదిలోనే ఆవిడ ఉచిత చందాదారు అయింది. ఆవిడకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే, "పోనీలే, బీదవాళ్ళయిపోయారు కాబోలు," అన్నది.

28 రోజుల నెల సంగతి కూడా ఒకటుంది. సంవత్సరానికి పదమూడు నెలలన్నమాట. మన పంచాంగంలో అధికమాసం సుమారు మూడేళ్ళకొకసారి వస్తుంది, టెలికాం పంచాంగంలో ఏటేటా వచ్చేది. చందాదారుల ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ట్రాయ్, 30 రోజుల పథకం ఒకటి, ప్రతినెలా అదే తేదీకి తిరిగి వేయించుకునే పథకం ఒకటి తప్పక పెట్టాలని ఆజ్ఞాపించింది. ఈలోగా కనీసపు రీఛార్జి 35 దగ్గర ఆగలేదు. 2019 డిసెంబరులోను, 2024 జూలైలోను ప్రైవేటు కంపెనీలన్నీ రోజుల తేడాతో ధరలు పెంచాయి. డేటా అక్కరలేనివాడు కూడా డేటాతో కలిపే కొనవలసి వచ్చింది.

2024 డిసెంబరు 23న ట్రాయ్ మరొక సవరణ తెచ్చింది. మాట, సందేశం మాత్రమే ఉండే పథకాలు ప్రత్యేకంగా అమ్మాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చునని. 2025 జనవరిలో కంపెనీలు అటువంటివి ప్రకటించాయి. వాటిలో ఏడాది గడువుది 1,849 రూపాయలకు ఒకటి కనబడింది. రెండు వేల ఆరులో జీవితకాలానికి 999.